ఎక్కడ ఆగాడో చూశారా?

(తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసిన ఒక సభలో, పిల్లలకు చదవడం నేర్పడం గురించి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచి, అక్కడక్కడ కాస్త కుదించాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరస అంటే భయం మనకి బడి రోజుల నుంచీ ఉన్నదే, కానీ ఇవాళ నేనెవరినీ లేపి ప్రశ్నలడగను.

మొదట ఒక మాట గురించి చెప్తాను. మన భాషలో చదవడానికీ చదువుకోవడానికీ ఉన్నది ఒకటే మాట. ‘మీవాడు ఎలా చదువుతున్నాడు?’ అంటే మార్కులు చెప్తాం. ‘ఏం చదువుతున్నాడు?’ అంటే తరగతి చెప్తాం. ఎప్పుడూ చూడని పేజీ ఒకటి ముందు పెడితే వాడు చదవగలడా లేదా అన్నది ఈ రెండు ప్రశ్నల్లోనూ రాదు. అందుకే చదవడం రాని పిల్లాడు మూడో తరగతి దాకా ‘బాగా చదువుతూ’ వచ్చేయగలడు. ఇది హాస్యానికి అనడం లేదు, నా క్లాసులోనే జరిగింది.

నేను ఒకటి, రెండు తరగతులకే ఎక్కువ కాలం పాఠాలు చెప్పాను. ఒక ఏడు మూడో తరగతి కూడా ఇచ్చారు. అందులో ఓ పిల్లాడు ఉండేవాడు, మంచి గొంతు. పుస్తకం తెరిచి, వేలు పెట్టి, గడగడా చదివేసేవాడు. ఎవరైనా పెద్దవాళ్లు క్లాసు చూడటానికొస్తే వాణ్నే లేపేదాన్ని. ఒకసారి ఎందుకో పేజీ మధ్యలో ఒక మాట మీద నా వేలు పెట్టి, ‘ఇదేమిటి నాన్నా?’ అన్నాను. వాడు నా వేలు వంక చూశాడు, నా వంక చూశాడు, తర్వాత పైకెళ్లి మొదటి వాక్యం నుంచి పెదవుల్లో అనుకుంటూ దిగడం మొదలుపెట్టాడు. నా వేలు దగ్గరికొచ్చేసరికి ఏ మాట వచ్చిందో ఆ మాట చెప్పాడు. అదీ ఒక మాట ముందుది చెప్పాడు. పాఠం మొత్తం వాడికి పాటలా వచ్చు. అక్షరాలు మాత్రం రావు. ఆ వేలు కూడా నన్ను చూసి నేర్చుకున్నదే.

ఆ రోజు నాకు వాడి మీద కాదు, నా మీద నాకు కోపం వచ్చింది. వాడు చేసింది అప్పజెప్పడం. దాన్ని నేను చదవడం అనుకున్నాను. ఎంత బాగా అప్పజెప్తే అంత బాగా చదువుతున్నట్టు లెక్క వేసుకున్నాను. మీరు ఇంటికెళ్లాక ఈ పరీక్ష చేసి చూడండి, రెండు నిమిషాల పని. పాఠం మధ్యలో ఒక మాట అడగండి. తర్వాత అవే అక్షరాలతో పాఠంలో లేని చిన్న వాక్యం ఒకటి మీ చేత్తో రాసి ఇవ్వండి. చదివితే సరే. చదవకపోతే తిట్టకండి. ఎక్కడ ఆగాడో చూడండి. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ముఖ్యంగా అదే.

ఎక్కడెక్కడ ఆగొచ్చు? 1986లో ఫిలిప్ గాఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని చాలా తేలిక లెక్కలో పెట్టారు. చదివి అర్థం చేసుకోవడానికి రెండు కావాలి. ఒకటి, అక్షరాలు చూసి మాట పలకగలగడం. రెండు, ఆ మాటలు చెవిన పడితే అర్థం చేసుకోగలిగేంత భాష ఉండటం. ఈ రెంటినీ కూడకూడదు, గుణించాలి అన్నారు వాళ్లు. కూడితే ఒకటి సున్నా అయినా రెండోది మిగులుతుంది. గుణిస్తే ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నాయే.

మొదటిది సున్నా అయితే ఎలా ఉంటుందో మా పిల్లాడి కథలో చూశారు. రెండోది సున్నా అయితే? ఇంగ్లండులో మిల్టన్ మహాకవికి నడివయసులో చూపు పోయింది. ఆయన పుస్తకాల్లో చాలా లాటిన్, గ్రీకు, హీబ్రూ లాంటి భాషల్లో ఉండేవి. కూతుళ్లకు ఆ భాషల ఉచ్చారణ మాత్రం నేర్పించి, తనకు చదివి వినిపించమనేవాడట. ఒక్క ముక్క అర్థం తెలియకుండానే వాళ్లు తప్పు లేకుండా చదివేవారని ఆయన మేనల్లుడు ఎడ్వర్డ్ ఫిలిప్స్ రాశాడు. పాపం, వాళ్లు ఆ పనిని ఎంత విసుక్కున్నారో కూడా రాశాడు. ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో పాఠాలు చదివే పిల్లలు మన మధ్యే ఎంతోమంది ఉన్నారు. గొంతు వింటే ముచ్చటేస్తుంది. ‘ఏం చదివావు, నీ మాటల్లో చెప్పు’ అంటే మాత్రం నోరు పెగలదు.

ఈ ఇద్దరు పిల్లలకీ రిపోర్టు కార్డు మీద ఒకటే మాట పడుతుంది, ‘రీడింగ్ ఇంప్రూవ్ అవ్వాలి’ అని. ఇద్దరికీ ఒకటే మందు ఇస్తాం, ‘ఇంకా ఎక్కువ చదివించండి’ అని. ఒకడికి అక్షరాల దగ్గర సాయం కావాలి, ఇంకొకడికి మాటల దగ్గర. తారుమారు చేస్తే ఇద్దరూ అక్కడే ఉంటారు, పైగా పుస్తకమంటే విసుగు మొదలవుతుంది.

ముందు అక్షరాల సంగతి. ఇక్కడ పెద్దవాళ్లం ఒక విషయం మరిచిపోతాం. మాట్లాడటం పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. చుట్టూ మాటలుంటే చాలు, వచ్చేస్తుంది. చదవడం అలా రాదు. మనుషులు రాయడం మొదలుపెట్టి ఇంచుమించు 5000 ఏళ్లే అయింది. మెదడులో చదవడానికంటూ పుట్టుకతో ప్రత్యేకమైన చోటేమీ ఉండదు. వస్తువుల్ని, ముఖాల్ని గుర్తుపట్టడానికి వాడుకునే భాగంలో కొంత చోటును, ఎడమవైపున, చదవడానికి మళ్లించుకుంటామని స్టానిస్లాస్ దెహేన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించారు. అంటే ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తన మెదడును కొత్తగా మలుచుకోవాలి. పుస్తకాల మధ్య పెరిగినంత మాత్రాన అది అయిపోదు. ఎవరో ఒకరు నేర్పాలి, వరసగా, ఓపికగా.

అందులోనూ మన లిపికి దాని కష్టం దానికుంది. 35 హల్లులే అనుకున్నా, ఒక్కోదానికి 16 గుణింతపు రూపాల చొప్పున 560 అవుతాయి. ఇంకా ఒత్తుల దాకా రాలేదు. ఇంగ్లీషు పిల్లాడు 26 అక్షరాలతో మొదలుపెడతాడు, పెద్దవీ చిన్నవీ కలిపినా 52. మన లిపికి చెల్లెలు లాంటి కన్నడంలో, పిల్లలు అక్షర రూపాలన్నీ పట్టుకోవడానికి నాలుగో తరగతి దాకా పడుతుందని సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. మనమేమో ఒకటో తరగతి అయ్యేసరికి ‘అక్షరాలు అయిపోయాయి’ అని పలక పక్కన పెట్టేస్తాం.

అయితే ఒక మేలు కూడా ఉంది. మన అక్షరాలు లెక్కకి ఎక్కువైనా, మాట మీద నిలబడతాయి. ఒకసారి ‘కి’ అంటే దాదాపు ఎక్కడైనా ‘కి’నే. ఇంగ్లీషులో ‘పుట్’కీ ‘బట్’కీ మధ్యలో ఉన్న అక్షరం ఒకటే, పలుకు వేరు. 2003లో ఫిలిప్ సీమోర్ బృందం ఇంగ్లీషునూ మరో 12 యూరప్ భాషలనూ పోల్చి చూస్తే, చాలా భాషల్లో పిల్లలు మొదటి సంవత్సరం చివరికల్లా తేలిక మాటలు సరిగ్గా చదివేస్తున్నారు, ఇంగ్లీషు పిల్లలకు దానికి రెండేళ్లకు పైనే పడుతోంది. కాబట్టి ఒకే పిల్లాడు తెలుగులో ఒక రకంగా, ఇంగ్లీషులో ఇంకో రకంగా తడబడితే ఆశ్చర్యపోకండి. రెండు వేర్వేరు పనులవి.

టీచర్లకు ఒక మాట. గుణింతం పాటలా పాడించడం మానమని నేననను, పిల్లలకు సరదా అది. కానీ అది పాటే. ‘క కా కి కీ’ అని చివరిదాకా పాడే పాపకి ‘కొ’ ఒక్కటీ విడిగా చూపిస్తే మళ్లీ ‘క’ నుంచి మొదలుపెడుతుంది, వేళ్లు మడుస్తూ. మా పిల్లాడి జబ్బే ఇదీ. వరస చెడగొట్టండి. కార్డులు కలిపేయండి. ‘మల’ పక్కన ‘మాల’ పెట్టండి, ‘గుడి’ పక్కన ‘గుడ్డి’ పెట్టండి. ఒక్క గీతతో, ఒక్క ఒత్తుతో అర్థం ఎలా తిరగబడుతుందో చూస్తే పిల్లలు పడీపడీ నవ్వుతారు, మరి మరిచిపోరు. ‘ప, ష, స, వ’ ఒకే వారంలో నేర్పకండి. వాటిని చూసి కంగారుపడని పిల్లాణ్ని నేనింతవరకూ చూడలేదు. మొదటి పది పన్నెండు అక్షరాలు రాగానే వాటితో అయ్యే మాటలు, చిన్న వాక్యాలు ఇచ్చేయండి. అక్షరమాల అంతా పూర్తయ్యాకే మాటలు అనే పట్టుదల వల్ల, ఈ గీతలన్నీ ఎందుకు నేర్చుకుంటున్నారో పిల్లలకు ఏడాదంతా తెలియదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మాట రాకపోతే ‘బొమ్మ చూసి చెప్పు’ అనేదాన్ని చాలా ఏళ్లు. తెలివైన పద్ధతి అనుకునేదాన్ని. 1967లో కెన్నెత్ గుడ్‌మన్ చదవడమంటే ఒక రకమైన ఊహించే ఆట అని రాశాక, ఆ ఆలోచన చాలా దేశాల బళ్లలోకి వెళ్లింది. తర్వాత కీత్ స్టానోవిచ్ లాంటివాళ్లు పరీక్షించి చూస్తే తేలింది వేరు. మాటను గుర్తుపట్టడానికి చుట్టుపక్కల ఊతం వెతుక్కునేది ఎక్కువగా చదవలేని పిల్లలే. బాగా చదివేవాళ్లు అక్షరాలనే చూస్తారు, అంత వేగంగా చూస్తారు కాబట్టి చూస్తున్నట్టు మనకే తెలియదు. బొమ్మలో గుర్రం ఉంటే గుర్రం అన్నాడు సరే, పుస్తకంలో బొమ్మలు అయిపోయిన రోజున ఏం చేస్తాడు? అయిదో తరగతిలో నేరుగా గోతిలో పడతాడు. ‘బొమ్మ చూడు’కి బదులు ‘మొదటి అక్షరం ఏమిటి, తర్వాతది ఏమిటి, కలిపి అను’ అనండి.

అక్షరాలొచ్చాక వచ్చే దశకి మన భాషలో ఎంత చక్కటి మాట ఉందో చూడండి, ‘కూడబలుక్కోవడం’. ‘అ... అడ... అడవి... అడవిలో’ అని అక్షరం అక్షరం కూడగట్టి పలకడం. దీన్ని మనం తక్కువ చేసి అంటాం, ‘ఇంకా కూడబలుక్కునే చదువుతోంది’ అని. నిజానికి అది గొప్ప మలుపు. ఎవరూ చెప్పకుండా తనంతట తాను ఒక కొత్త మాటను పలికిన పిల్ల, ఇక ఆ మాటను తనకి తానే నేర్చుకున్నట్టు. నాలుగుసార్లు అలా కలిపి పలికాక అయిదోసారి చూడగానే వచ్చేస్తుంది.

కాకపోతే అక్కడే ఉండిపోతే చిక్కు. ఒక్కో అక్షరానికీ ధ్యాసంతా ఖర్చయిపోతే, వాక్యం చివరికొచ్చేసరికి మొదలేమిటో గుర్తుండదు. చేతిలో ఉన్న ధ్యాస కొంచెమే, దాన్ని అక్షరాల మీద పెడితే అర్థానికి మిగలదని 1974లో లబర్జ్, శామ్యూల్స్ చెప్పారు. శామ్యూల్స్ 1979లో సూచించిన చిట్కా మరీ సులువు. చిన్న పేరా ఒకటి తీసుకుని, తడుముకోకుండా వచ్చేదాకా మూడు నాలుగుసార్లు చదివించడం. అంతే. మొదటిసారి గుంటల రోడ్డు మీద బండిలా వెళ్తుంది, నాలుగోసారికి గొంతులో రాగం వస్తుంది, కామా దగ్గర ఆగుతారు. అయితే ఇది బట్టీకి దారి తీయకుండా చూసుకోవాలి. రేపు కొత్త పేరా, ఎల్లుండి మరో కొత్త పేరా.

క్లాసులో ‘ఒక్కొక్కరూ ఒక్కో లైను చదవండి’ అనే అలవాటు మనందరికీ ఉంది. లెక్క వేయండి. 40 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడ్. ఒక్కొక్కరికి వచ్చేది నిమిషం. మిగతా 39 నిమిషాలు ఏం చేస్తారు? తన వంతుకి ఏ లైను వస్తుందో లెక్కపెట్టుకుని, దాన్నే లోపల వల్లె వేసుకుంటూ కూర్చుంటారు. తన వంతు అయ్యాక కిటికీలోంచి చూస్తారు. చదవలేనివాడికి మాత్రం ఆ 39 నిమిషాలూ టెన్షనే. అదే ఇద్దరిద్దర్ని జోడీలుగా కూర్చోబెట్టి ఒకరు చదువుతుంటే ఒకరు వినమంటే, 20 గొంతులు ఒకేసారి లేస్తాయి. గోల గోలగా ఉంటుంది, పక్క క్లాసు టీచరు తలుపు దగ్గరికొచ్చి చూస్తారు. చూడనివ్వండి.

ఇప్పుడు ఇంటి సంగతి. తల్లిదండ్రుల్లో చాలామంది అడిగేది, ‘ఇంట్లో మేమేం నేర్పాలండీ?’ అని. అక్షరాలు నేర్పే భారం ప్రధానంగా బడిది. ఇంటికొచ్చాక మళ్లీ పలక, మళ్లీ చూచిరాత, మళ్లీ కేకలు పెడితే ఇల్లు రెండో బడి అవుతుంది. సాయంత్రం ఆరు గంటల తర్వాత ఏ పిల్లా రెండో బడికి ఇష్టంగా వెళ్లదు. ఇల్లు తప్ప ఇంకెవరూ ఇవ్వలేనివి వేరే ఉన్నాయి. మాటలు ఉన్నాయి. ఒడి ఉంది.

చదివి వినిపించండి. పిల్లలు సొంతంగా చదవడం మొదలుపెట్టాక కూడా వినిపించండి. చాలా ఇళ్లల్లో ‘ఇక నీకు వచ్చుగా, నువ్వే చదువుకో’ అని సరిగ్గా ఆ సమయానికే మానేస్తారు. ఏడేళ్ల పిల్లకి తను చదవగలిగే కథ చిన్నది, విని అర్థం చేసుకోగలిగే కథ చాలా పెద్దది. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని నింపేది మీ గొంతే. పుస్తకంలో ఉండే మాటలు మన మాటల్లో దొర్లవు కూడా. 1988లో డొనాల్డ్ హేస్, మార్గరెట్ ఆరెన్స్ ఇంగ్లీషులో లెక్కపెట్టి చూశారు. కాలేజీ చదువులు చదివిన పెద్దవాళ్లు మాట్లాడుకునేటప్పుడు వెయ్యి మాటలకు అరుదైన మాటలు 17 వచ్చాయి. పిల్లల పుస్తకాల్లో 31. పిల్లల పుస్తకాల్లోనండీ! మనం ఎంత చదువుకున్నవాళ్లమైనా ఇంట్లో మాట్లాడేది ‘తిన్నావా, పడుకో, బ్యాగు సర్దుకో’ దగ్గరే తిరుగుతుంది. ‘నిశ్శబ్దంగా’, ‘సందేహించి’, ‘అంతలో’ లాంటి మాటలు పిల్ల చెవిన పడాలంటే పుస్తకం తెరవాల్సిందే.

చదివేటప్పుడు మధ్యమధ్య ఆగండి. 1988లోనే వైట్‌హర్స్ట్ బృందం రెండు మూడేళ్ల పిల్లల తల్లిదండ్రులకు ఒక్క విషయం నేర్పింది. మీరు చదువుతూ పోకండి, పిల్లల చేత చెప్పించండి అని. ‘ఇది కుక్కేనా?’ అంటే అవును, కాదు దగ్గర ఆగిపోతుంది. ‘ఈ కుక్క ఎక్కడికెళ్తోందంటావ్?’ అంటే కథ బయటికొస్తుంది. వాళ్లు ఒక ముక్క అంటే దానికి మీరు ఇంకో ముక్క కలపండి. నెల రోజులకే ఆ పిల్లలు మాట్లాడే తీరులో తేడా కొలిచి చూపించారు వాళ్లు. మరీ ప్రతి పేజీకీ ప్రశ్న వేస్తే అదీ పరీక్షే అయిపోతుంది. ఒక్కోసారి ఊరికే చదవండి. మీకు నవ్వొస్తే నవ్వండి.

మాకే చదవడం రాదండీ అనే తల్లులు, తాతలు ఈ హాల్లో ఉంటే, సిగ్గుపడొద్దు. నేను చూసిన గొప్ప శ్రోత ఒక నాయనమ్మ. అక్షరం ముక్క రాదు. మనవరాలు చదువుతుంటే పక్కన కూర్చుని, ‘ఆఁ, తర్వాత?’ అనేది. అర్థం కాకపోతే, ‘అదేమిటే, మళ్లీ చెప్పు’ అనేది. ఆ పిల్ల మళ్లీ చదివేది, ఈసారి ఇంకా నెమ్మదిగా, తన మాటల్లో విడమరిచి. నేను క్లాసులో ఎన్నో పాట్లు పడి చేయించే పని ఆవిడ కాళ్లు చాపుకుని కూర్చుని చేయించేసింది. పుస్తకం లేకపోయినా కథ చెప్పండి, బొమ్మల్ని చూసి కథ కట్టండి. మీకు ఏ భాష బాగా వస్తే ఆ భాషలో చెప్పండి. తడబడే ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పేకన్నా, నోరారా సొంత భాషలో ఓ గంట మాట్లాడటం పిల్లలకు ఎక్కువ కలిసొస్తుంది.

తప్పు చదివినప్పుడు ఏం చేయాలి? ముందు ఆగండి. మనసులో అయిదు లెక్కపెట్టండి. సగం తప్పులు వాళ్లే దిద్దుకుంటారు. దిద్దుకోకపోతే ఆ మాట వరకు చూపించండి. అప్పటికీ రాకపోతే చెప్పేసి ముందుకెళ్లండి, కథ చల్లారిపోకూడదు. ‘నిన్నే కదా చెప్పాను!’ అనే మాట ఒకటుంది, అది మీ నాలిక చివరే ఉంటుంది, అక్కడే ఉంచండి. నా పిల్లాడి సంగతి చెప్పాను కదా. అక్షరాలు మొదటి నుంచి మొదలుపెట్టిన రెండు నెలలకి, వాడు ‘పలక’ని ‘పాలక’ అని చదివాడు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. వాడెప్పుడూ తప్పు చదివేవాడు కాదు మరి. తప్పు చదివాడంటే, ఆ అక్షరాన్ని చూశాడన్నమాట.

బహుమతుల గురించి. ‘పది పుస్తకాలు చదివితే సైకిల్ కొంటా’ అనకండి. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. కొంతమందికి బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, మిగతావాళ్లతో పోలిస్తే వీళ్లు రంగుల పెన్నుల దగ్గర గడిపిన సమయం సగానికి పడిపోయింది. ఇష్టంగా చేసే పనికి కూలి ఇస్తే అది కూలిపని అవుతుంది. అప్పటికే ఏ ఇష్టమూ లేని పిల్లకి మొదట్లో చిన్న ఆశ చూపితే నష్టం లేదని నా అభిప్రాయం. ఇవ్వాలనుకుంటే ఇంకో పుస్తకం ఇవ్వండి, లేదా పడుకునే టైము పావుగంట పొడిగించండి, చదువుకోవడానికి మాత్రమే. రెండోది బాగా పనిచేస్తుంది.

ఇంకోటి, చాలామంది ఊహించనిది. పిల్లాడు అక్షరాలూ చదువుతాడు, భాషా ఉంది, అయినా పాఠం అర్థం కాదు. అప్పుడు ఆ విషయం గురించి వాడికి ముందే ఎంత తెలుసో చూడండి. 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు అమెరికాలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందికి బేస్‌బాల్ ఆట గురించిన ఒక కథనం ఇచ్చి చదవమన్నారు. తర్వాత చెక్క బొమ్మలతో ఆ ఆటను జరిగింది జరిగినట్టు ఆడి చూపించమన్నారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందున్నా ఆట తెలియని పిల్లలకన్నా బాగా చెప్పగలిగారు. అందుకే ‘రీడింగ్ వెనకబడింది’ అని సైన్సు, సోషల్ పీరియడ్లు తీసేసి దానికే ఇచ్చేయడం నాకు నచ్చదు. చీమల గురించి, నదుల గురించి, రాజుల గురించి తెలిసే కొద్దీ తర్వాత చదివే ప్రతి పేజీ తేలికవుతుంది.

ఫోన్లో చదవనివ్వొచ్చా అని ఇందాక ఒకాయన అడిగారు. 2018లో డెల్గాడో బృందం 54 అధ్యయనాలను కలిపి చూసింది, మొత్తం లక్షా డెబ్బై వేల మందికి పైగా. విషయం తెలిపే రచనలు స్క్రీన్ మీదకన్నా కాగితం మీద చదివితేనే ఎక్కువ అర్థమవుతున్నాయి. కథల దగ్గర అంత తేడా రాలేదు. కాబట్టి ఫోన్లో కథ చదివితే గగ్గోలు పెట్టక్కర్లేదు. పాఠం మాత్రం కాగితం మీద చదివించండి.

ఎంత చేసినా కొంతమంది ఆగిపోతారు. వాళ్ల గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం అన్యాయం. మొదట కళ్లు చూపించండి, చెవులు చూపించండి. బోర్డు కనబడని పిల్లాణ్ని ఒక ఏడాదంతా మొద్దు అనుకున్న సందర్భాలు నాకు తెలుసు. అవి బాగానే ఉన్నా, సరైన పద్ధతిలో నేర్పినా అక్షరానికీ శబ్దానికీ ముడి పడకపోతే, అది డిస్లెక్సియా కావచ్చు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు డాక్టరు 14 ఏళ్ల కుర్రాడి గురించి రాశాడు. చురుకైనవాడు, లెక్కలు వచ్చు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు. ఏళ్ల తరబడి నేర్పినా చదవలేడు, తన పేరులోనే అక్షరాలు తారుమారు చేసేవాడు. పాఠాలన్నీ నోటితోనే జరిగితే బడిలో వీడంత తెలివైనవాడు ఉండడని వాళ్ల మాస్టారు అన్నాడట. నూట పాతికేళ్లకు పైనే అయింది ఈ మాట అని. మనం ఇంకా ‘బద్ధకం’ అంటూనే ఉన్నాం. అయిదారేళ్ల పిల్ల అక్షరం తిరగేసి రాస్తే వెంటనే డిస్లెక్సియా అని బెంగపడకండి, ఆ వయసులో మామూలే. అలాగని ‘పెద్దయ్యాక అదే వస్తుంది’ అని నాలుగో తరగతి దాకా ఊరుకోకండి. చదవలేని పిల్ల చదవదు. చదవదు కాబట్టి మాటలు పెరగవు. మాటలు పెరగవు కాబట్టి తర్వాతి పుస్తకం ఇంకా కష్టం. రెండో తరగతిలో కొద్ది నెలలు రోజూ పావుగంట చొప్పున విడిగా కూర్చోబెడితే సరిపోయే సాయం, ఆరో తరగతికి కొన్నేళ్ల పని అవుతుంది.

ఇక చీటీలు. నాలుగొచ్చాయి, రెండు చదువుతాను.

‘పక్కింటి పాప నాలుగేళ్లకే చదివేస్తోంది, మావాడికి ఆరు, ఇంకా రాలేదు.’ రానివ్వండి. ఏడేళ్లకు బడి మొదలుపెట్టే దేశాలు ఉన్నాయి, అక్కడి పిల్లలూ చదివేస్తున్నారు. మీరు చూడాల్సింది పక్కింటి పాపను కాదు, మీవాడు మూడు నెలల కిందట ఎక్కడున్నాడు, ఇప్పుడెక్కడున్నాడు అని. కదులుతున్నాడా, సరే. అక్కడే ఉన్నాడా, టీచరుతో మాట్లాడండి, ఈ వారమే.

రెండోది. ‘మా అమ్మాయి ఒకే పుస్తకం పదిసార్లు చదువుతోంది. కొత్తది ఇస్తే తీసుకోదు. మాన్పించాలా?’

ఎందుకమ్మా మాన్పించడం? అన్నిసార్లు చదివిన పుస్తకంలో ఆ పిల్లకి అడ్డంకులు లేవు, కూడబలుక్కోవాల్సిన పని లేదు. మనం ఇందాక శామ్యూల్స్ చిట్కా అని చెప్పుకున్నది ఎవరూ చెప్పకుండానే చేసేస్తోంది. ఒక్కటి మాత్రం చూడండి. మధ్యలో ఒక పేజీ తెరిచి, ఒక మాట మీద వేలు పెట్టండి. అది చదివితే, పుస్తకం తిరిగి ఇచ్చేసి మీ పని మీరు చూసుకోండి.